కాటుక, ఐలైనర్, మస్కారాల్లో నానో నలుపు: తరచుగా అడిగే ప్రశ్నలు

మస్కారా పెట్టె వెనక పదార్థాల జాబితాలో ‘సీఐ 77266’ అని ఉండి, దాని పక్కన ‘నానో’ అని కూడా కనిపిస్తే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. దీనికంటే ఇంట్లో దీపం మసితో చేసుకునే కాటుకే నయం కదా అనిపిస్తుంది. ఎక్కడ భయపడాలి, ఎక్కడ అక్కర్లేదు అన్నది ఇక్కడ చెప్పుకుందాం. కంటికి పెట్టుకునే నలుపు గురించే ఎక్కువ ఉంటుంది. అడిగేవాళ్ళలో ఎక్కువమంది దాని గురించే అడుగుతారు మరి.

నానో నలుపు అంటే అసలు ఏ పదార్థం?

దాదాపు ఎప్పుడూ కార్బన్ బ్లాకే. కార్బన్‌ని మంటలో అతి సన్నని పొడిగా పుట్టించిన రూపం. రంగుల సూచికలో (కలర్ ఇండెక్స్, లేబుల్ మీది ‘సీఐ’ అదే) దాని నంబరు 77266. అందులో బాగా శుద్ధమైన రకాన్ని అమెరికాలో ‘డి అండ్ సి బ్లాక్ నంబర్ 2’ అంటారు. ఒక్కో రేణువు కొన్ని పదుల నానోమీటర్లు మాత్రమే ఉంటుంది. మీటరులో వంద కోట్లవ వంతు ఒక నానోమీటరు.

అయితే ఈ రేణువులు విడివిడిగా ఉండవు. మంటలో పుడుతూనే ఒకదానికొకటి అతుక్కుని గుత్తులు కడతాయి. ఆ గుత్తులు మళ్ళీ దగ్గరకు చేరి ఇంకా పెద్ద ఉండలవుతాయి. మస్కారా సీసాలో ఉండేవి ఎక్కువగా ఇవే. అయినా లేబుల్ మీద నానో అని ఎందుకు రాస్తారంటే, యూరప్ చట్టం పైకొలతనే కాక లోపలి నిర్మాణాన్ని కూడా చూస్తుంది. అది 100 నానోమీటర్లలోపు ఉండి, పదార్థం నీళ్ళలో కరగనిదైతే నానో కిందే లెక్క.

అంత సన్నగా ఎందుకు? కాస్త పెద్ద రేణువులతో పని జరగదా?

జరుగుతుంది కానీ అంత నల్లగా రాదు. రేణువు చిన్నదయ్యేకొద్దీ అదే బరువుకి ఉపరితలం పెరుగుతుంది, వెలుతురుని ఎక్కువగా మింగేస్తుంది. కారునలుపు కావాలంటే సన్నదనం తప్పదు. ఐరన్ ఆక్సైడ్ నలుపుతో చేసిన ఐలైనర్‌ని, కార్బన్ బ్లాక్‌తో చేసినదాన్ని చేతి మీద పక్కపక్కన గీసి ఎండలో చూడండి. మొదటిది కొంచెం బూడిదగానో గోధుమగానో కనిపిస్తుంది. రెండో గీత ముందు అది వెలిసిపోయినట్టే ఉంటుంది.

ఇంట్లో చేసిన కాటుక సహజం కదా, అందులో నానో ఉండదు కదా?

ఉంటుంది. నిజానికి అది అచ్చమైన నానో పదార్థమే.

ఆముదం దీపం పెట్టి, మంటకి కాస్త పైన ఇత్తడి పళ్ళెం బోర్లించి, అడుగున పేరుకున్న మసిని గీకి, ఆముదంలోనో నెయ్యిలోనో రంగరించడం మన ఇళ్ళలో తెలిసిన పద్ధతి. వత్తికి గుంటగలగరాకు పసరు పట్టించి ఆరబెట్టేవాళ్ళూ ఉన్నారు. గాలి చాలని మంటలో నూనె పూర్తిగా కాలక, మిగిలిన కార్బన్ చల్లని పళ్ళేనికి తగిలి మసిగా దిగుతుంది. ఆ మసి రేణువులు కూడా పదుల నానోమీటర్లవే, అవీ గుత్తులుగానే ఉంటాయి. ఫ్యాక్టరీలో కార్బన్ బ్లాక్ చేసే తీరుకి మూలసూత్రం ఇదే: గాలి తక్కువ, నూనె ఎక్కువ, మంటని ఉన్నట్టుండి చల్లార్చడం. ఫ్యాక్టరీ నలుపుని మేకప్‌లోకి దించే ముందు చాలాచోట్ల ఆముదంలోనే నూరి పేస్టుగా సిద్ధం చేస్తారు కూడా.

తేడా ఉన్నది శుద్ధి దగ్గర. కాస్మెటిక్స్‌కి పనికొచ్చే కార్బన్ బ్లాక్‌లో ఏ మలినం ఎంత ఉండొచ్చో పరిమితులున్నాయి, పరీక్షలున్నాయి. పళ్ళెం మీది మసికి అవేవీ లేవు. సహజం అన్న మాట చూసి దాన్ని సురక్షితం అనుకోవడం, నానో అన్న మాట చూసి దీన్ని ప్రమాదం అనుకోవడం, రెండూ తొందరపాటే.

కార్బన్ బ్లాక్‌తో క్యాన్సర్ వస్తుందని ఎక్కడో చదివాం. నిజమేనా?

మీరు చదివింది బహుశా ఐఏఆర్‌సీ జాబితా గురించి అయ్యుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ కారకాలను పరిశీలించే సంస్థ అది. కార్బన్ బ్లాక్‌ని ‘2బి’ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్‌కి కారణం కావచ్చు అన్న వర్గంలో పెట్టింది. కానీ దేన్ని చూసి పెట్టిందో కూడా చదవాలి. ఎలుకలు పెద్ద మోతాదులో ఈ పొడిని పీల్చినప్పుడు ఊపిరితిత్తులు దాన్ని బయటికి నెట్టలేకపోయాయి, గడ్డలు వచ్చాయి. మనుషుల విషయంలో సాక్ష్యం సరిపోదని అదే సంస్థ రాసింది. కాలిఫోర్నియా రాష్ట్రపు హెచ్చరికల జాబితాలో కూడా కార్బన్ బ్లాక్ ఉంది, కానీ గాలిలో తేలుతూ, దేనికీ అంటుకోకుండా, ఊపిరితో లోపలికి పోగలిగేంత సన్నగా ఉన్న రేణువులకు మాత్రమే. మైనంలో, నూనెలో ఇరుక్కుని ఉన్న కాటుక ఆ లెక్కలోకి రాదు.

అంతమాత్రాన కథ అయిపోలేదు. అసలు చూడాల్సింది మలినాలను. నూనె, బొగ్గు, కట్టె ఏది అరకొరగా కాలినా పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే పదార్థాలు పుడతాయి. పొడుగు పేరు కాబట్టి పీఏహెచ్‌లు అందాం. వీటిలో కొన్ని క్యాన్సర్ కారకాలని గట్టిగా రుజువైంది. లండన్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాళ్ళకు పెద్దయ్యాక వృషణాల సంచి మీద క్యాన్సర్ వస్తోందని, దానికి మసే కారణమని పెర్సివల్ పాట్ అనే సర్జన్ 1775లోనే రాశాడు. వృత్తి వల్ల వచ్చే క్యాన్సర్‌ని గుర్తించిన తొలి సందర్భాల్లో అదొకటి. పొగగొట్టాలు ఊడ్చేవాళ్ళ ఒంటికి అంటుకునే మసి ఐఏఆర్‌సీ లెక్కలో ఈరోజు ఒకటో వర్గంలో, అంటే రుజువైన కారకాల్లో ఉంది. మసి వేరు, శుద్ధమైన కార్బన్ బ్లాక్ వేరు.

అందుకే నియమాలు పీఏహెచ్‌ల మీదే గురిపెట్టాయి. అమెరికాలో ఒకప్పుడు వాడిన పాతరకం కార్బన్ బ్లాక్‌ని ఈ మలినాల భయంతోనే 1976లో కాస్మెటిక్స్ నుంచి తీసేశారు. మళ్ళీ 2004లో బాగా శుద్ధి చేసిన రకానికి మాత్రమే అనుమతి ఇచ్చారు, అదీ ప్రతి బ్యాచ్‌నీ అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలన్న షరతుతో. మొత్తం పీఏహెచ్‌లు కిలోకి అర మిల్లీగ్రాము దాటకూడదు. అందులో బాగా ప్రమాదకరమైన బెంజోపైరీన్ కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు. యూరప్ పరిమితులూ ఇవే.

చర్మంలోంచి ఒంట్లోకి వెళ్ళిపోతుందా?

ఆరోగ్యంగా, పుండ్లు లేకుండా ఉన్న చర్మంలోంచి వెళ్ళదు. యూరప్‌లో వినియోగదారుల భద్రతపై సలహా ఇచ్చే శాస్త్రీయ సంఘం ఎస్‌సీసీఎస్ దీన్ని పరిశీలించి, 10 శాతం వరకు, రేణువు 20 నానోమీటర్లకు తగ్గకుండా ఉంటే ప్రమాదం లేదని తేల్చింది. దాని మీదే 2016లో చట్ట సవరణ వచ్చింది. పగిలిన చర్మం, దద్దుర్లు, అప్పుడే థ్రెడింగ్ చేయించుకున్న కనుబొమల సంగతి ఈ హామీలోకి రాదు. ఒకరోజు ఆగితే పోయేదేముంది?

కంటి లోపలి అంచున పెట్టుకోవచ్చా?

మన కాటుక అలవాటంతా అక్కడే ఉంది. పాశ్చాత్య దేశాల్లో ఐలైనర్‌ని రెప్పవెంట్రుకల బయట గీస్తే, మనం కింది రెప్పని వేలితో కొంచెం లాగి తడిగా ఉండే గులాబీ అంచు మీద రాస్తాం. అక్కడ చర్మం మొదలై, కంటి పొర ముగుస్తుంది. కన్నీటికి నూనె పూత ఇచ్చే మైబోమియన్ గ్రంథుల నోళ్ళు వరసగా తెరుచుకునేది ఆ అంచు మీదే. మైనం, నూనె, నలుపు కలిసిన ముద్దని రోజూ దాని మీద రుద్దితే ఆ నోళ్ళు పూడుకుపోయే అవకాశం ఉంది. కళ్ళు పొడిబారడం, మంట, సాయంత్రానికి ఇసుక పడ్డట్టు ఉండడం ఇందువల్ల కావచ్చు.

కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో వెలువరించిన చిన్న అధ్యయనంలో, లోపలి అంచున గీసిన పెన్సిల్ నుంచి రేణువులు కన్నీటి పొరలోకి చేరడం, బయట గీసినప్పటికంటే త్వరగా, ఎక్కువగా కనిపించింది. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళ పై రెప్పని తిప్పి చూస్తే లోపల నల్లటి చుక్కలు పేరుకుని ఉండడం కంటి డాక్టర్లకు తెలిసిన సంగతే. చాలామందికి అవి ఏ ఇబ్బందీ పెట్టవు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళు మాత్రం లెన్స్ పెట్టుకున్నాకే మేకప్ వేసుకోవాలి, లోపలి అంచుని వదిలేయాలి. నన్నడిగితే మిగతావాళ్ళు కూడా లోపలి గీతని పండగలకీ పెళ్ళిళ్ళకీ ఉంచుకుని, రోజువారీ గీతని వెంట్రుకల బయటికి జరపడం మంచిది. ఇక్కడ సమస్య నానో కన్నా చోటుదే ఎక్కువ.

పసిపిల్లల కళ్ళకు కాటుక పెట్టొచ్చా?

వద్దు. వేలితో పెట్టే కాటుకతో ఇన్ఫెక్షన్ వస్తుంది, కన్నీటి నాళం మూసుకుపోవచ్చు, సీసం ఉంటే పిల్లల మెదడుకి చేటు. కాటుక పెడితే కళ్ళు పెద్దవవుతాయన్నది కేవలం నమ్మకం.

దిష్టిచుక్క వేరే సంగతి. బుగ్గ మీదో అరికాలి మీదో పెట్టే చుక్క కంట్లోకి పోదు. దానికి చాదు ఉంటే ఇంకా మంచిది. సగ్గుబియ్యాన్ని బాణలిలో నల్లగా మాడ్చి, నీళ్ళు పోసి చిక్కగా మరిగించి, కొబ్బరిచిప్పలో పోసి ఆరబెడితే చాదు తయారవుతుంది. నీటి చుక్కతో అరగదీసి పెడతారు, తడిగుడ్డతో పోతుంది. అది పిండి పదార్థం మాడగా వచ్చిన బొగ్గు, నూనె మంట మసి కాదు. పిల్లలు చేత్తో తుడిచి నోట్లో పెట్టుకుంటారు కాబట్టి చుక్క చిన్నగా, చేయి అందని చోట ఉండాలి.

మరి సీసం సంగతేమిటి?

నా లెక్కలో నానో కంటే ముందు భయపడాల్సింది దీనికే. సుర్మా, కోల్ పేర్లతో అమ్మే కొన్ని పొడులు మసితో చేసినవే కావు, గెలీనా అనే ఖనిజాన్ని నూరి చేసినవి. గెలీనా అంటే సీసం సల్ఫైడ్. అలాంటి పొడిలో సగానికి పైగా సీసమే ఉండొచ్చు. లోహపు మెరుపుతో బూడిద కలిసిన నలుపు కనిపించి, బరువుగా ఉండి, కంపెనీ పేరూ లైసెన్స్ నంబరూ లేని డబ్బా అయితే కొనకండి. యాత్రాస్థలాల దగ్గర, జాతరల్లో దొరికే వాటిలో ఇలాంటివి ఎక్కువ.

స్ప్రేలు, విడి పొడులు?

యూరప్ ఇచ్చిన అనుమతి పీల్చే అవకాశం ఉన్న వాడకాలకు వర్తించదు. అంటే నానో కార్బన్ బ్లాక్ స్ప్రే రూపంలో కుదరదు. తెల్లజుట్టు మొదళ్ళను కప్పే స్ప్రేలు కొనేటప్పుడు ఇది గుర్తుంచుకుని, జాబితాలో 77266 బదులు ఐరన్ ఆక్సైడ్ అయిన 77499 ఉన్నది చూసుకోండి. అదైనా ఊపిరి బిగబట్టి, కిటికీ తెరిచి కొట్టుకోవాలి. ఇక్కడ అసలు ముప్పు ఫ్యాక్టరీలో పొడిని తూచి కలిపే కార్మికులకు. రోజంతా ఆ గాలి పీల్చేది వాళ్ళే.

పర్మనెంట్ ఐలైనర్, మైక్రోబ్లేడింగ్‌కి కూడా ఇవే మాటలు వర్తిస్తాయా?

వర్తించవు. అక్కడ సూదితో నలుపుని చర్మం లోపలికే దించుతారు. పైన చెప్పిన ‘చర్మంలోంచి వెళ్ళదు’ అన్న వాదనకి అక్కడ చోటే లేదు. టాటూ రంగు కొంత దగ్గరి లింఫ్ గ్రంథుల దాకా చేరుతుందని తెలుసు. అందుకే యూరప్ 2022 జనవరి నుంచి టాటూ, పర్మనెంట్ మేకప్ రంగుల్లో మలినాలకు విడిగా పరిమితులు పెట్టింది. పార్లర్‌లో సీసా అడిగి లేబుల్ చూడండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

మన దేశంలో రూల్స్ ఎలా ఉన్నాయి?

2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ అమల్లో ఉన్నాయి. ఏ రంగులు వాడొచ్చో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 4707 మొదటి భాగం చెబుతుంది. కాటుకకు విడిగా ఐఎస్ 15154 ఉంది. రంగుల్లో సీసం 20 పీపీఎం (అంటే పదిలక్షల భాగాల్లో 20), ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదు. నానో అని లేబుల్ మీద రాయాలన్న నిబంధన మాత్రం మనకు లేదు. కాబట్టి ఇక్కడి డబ్బా మీద ఆ మాట లేకపోతే అందులో నానో లేదని కాదు, రాయనక్కర్లేదని అర్థం. యూరప్‌లో 2013 నుంచి రాయక తప్పదు. ఒకే కంపెనీ ఒకే మస్కారాని రెండు చోట్లా అమ్మితే, ఒక పెట్టె మీద ‘నానో’ ఉండి రెండో దాని మీద లేకపోవడం మామూలే. ఇది మన రూల్స్‌లో లోటే. ఆ ఒక్క మాట కలపడానికి సిరా తప్ప ఖర్చేమీ లేదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే ‘హోమ్‌మేడ్’ కాటుకలకూ ఈ చట్టమే వర్తిస్తుంది. ఇంట్లో వాడుకోవడానికి చేసుకుంటే మీ ఇష్టం, అమ్మాలంటే తయారీ లైసెన్స్ కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ పని చూసేది ఔషధ నియంత్రణ శాఖే. లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ లేని డబ్బాని ఎంత అందంగా ప్యాక్ చేసినా నమ్మొద్దు.

అమెరికాలో ఉన్న మా అమ్మాయికి కాటుక పంపొచ్చా?

సీసం ఉండే సుర్మా, కోల్ లాంటివి అయితే వద్దే వద్దు. కోల్‌ని అక్కడ రంగుగా వాడటానికి అనుమతి లేదు, సరిహద్దులోనే ఆపేస్తారు. దీపం మసి కూడా అక్కడి అనుమతి పొందిన రంగు కాదు. పసిపాప ఉన్న ఇంటికి పంపే ఆలోచన అయితే ఇంకా ఆలోచించండి. రక్తంలో సీసం ఉందేమోనని చిన్నపిల్లలకు అక్కడ పరీక్ష చేయడం మామూలే, ఎక్కువ కనిపిస్తే ఇంట్లో కాటుక ఉందా అని అడుగుతారు.

పర్యావరణానికి ఎంత నష్టం?

కార్బన్ బ్లాక్ పరిశ్రమ మొత్తాన్ని చూస్తే నష్టం చిన్నది కాదు. ముడి సరుకు రిఫైనరీల్లో మిగిలే బరువైన నూనెలు, ఉక్కు కర్మాగారాల కోక్ ఓవెన్ల నుంచి వచ్చే తారు నూనెలు. 1300 డిగ్రీలు దాటిన కొలిమిలో వాటిని చల్లి, నీళ్ళతో చల్లారుస్తారు. టన్ను కార్బన్ బ్లాక్‌కి రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. ప్రపంచంలో ఏటా కోటి టన్నులకు పైనే తయారవుతుంది. కానీ అందులో సింహభాగం టైర్లకు పోతుంది.

ఇప్పుడు మీ చేతిలోని కాటుక పెన్సిల్ తిప్పి బరువు చూడండి. చాలా వాటి మీద 0.35 గ్రాములు అని ఉంటుంది. యూరప్ పరిమితి ప్రకారం 10 శాతం కార్బన్ బ్లాక్ ఉందనుకున్నా అది 35 మిల్లీగ్రాములు, దాని వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఓ పదో వంతు గ్రాము. ఒక్క కారు టైరులో రెండు కిలోల దాకా కార్బన్ బ్లాక్ ఉంటుంది. ఇలాంటి పెన్సిళ్ళు యాభై వేలకు పైగా చేస్తే గానీ ఒక టైరుకి సరితూగదు. మరి ఆ 0.35 గ్రాములను పట్టుకున్న ప్లాస్టిక్ గొట్టం, మూత, తిప్పే మర, పైన ప్లాస్టిక్ కవరు బరువెంత? కొన్ని గ్రాములు. అన్నీ వేర్వేరు ప్లాస్టిక్‌లు, చిన్నవి, రీసైకిల్ కేంద్రంలో ఎవరూ ఏరరు. ఈ లెక్క చూశాక కూడా నలుపు గురించి గొడవపడి గొట్టాన్ని వదిలేయడం నాకైతే అర్థం కాదు. చెక్క పెన్సిల్, రీఫిల్ వచ్చే డబ్బా, ఈ రెంటిలో ఏది దొరికినా మేలే.

పాత టైర్ల నుంచి తీసిన కార్బన్ బ్లాక్ వాడితే రీసైకిల్ అయినట్టే కదా?

ఆలోచన బాగుంది, కంటికి మాత్రం పనికిరాదు. టైర్లను గాలి లేకుండా వేడిచేసి తీసిన కార్బన్ బ్లాక్‌లో టైరులోని జింకు, సల్ఫర్, సిలికా బూడిదగా మిగులుతాయి. ఆ బూడిద పది శాతం దాటడం మామూలే. కాస్మెటిక్స్ రకానికి బూడిద పరిమితి 0.15 శాతం. అది చెప్పులకీ, రబ్బరు పైపులకీ వెళ్ళనివ్వండి.

ప్రత్యామ్నాయాలు ఏమున్నాయి?

ఐరన్ ఆక్సైడ్ నలుపు, 77499, అన్నిటికంటే ఎక్కువ వాడకంలో ఉంది. ప్రపంచమంతా కంటి చుట్టూ అనుమతి ఉంది, పీఏహెచ్‌ల గొడవ లేదు, మామూలుగా రేణువులు నానో కంటే పెద్దవి. అంత నల్లగా ఉండదు కాబట్టి ఎక్కువ వేయాల్సి వస్తుంది. ఇంకో చిన్న సంగతి, ఇది అయస్కాంతానికి అంటుకునే రకం. ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్ళేముందు మస్కారా తుడుచుకోమని చెప్పేది ఇందుకే.

కొబ్బరిచిప్ప, వెదురు లాంటివాటిని కాల్చి చేసే వెజిటబుల్ కార్బన్‌కి 77268:1 అన్న నంబరు ఉంది. యూరప్‌లో సరే కానీ అమెరికాలో దాన్ని కాస్మెటిక్ రంగుగా వాడటానికి అనుమతి లేదు. పశువుల ఎముకలు కాల్చి చేసే బోన్ బ్లాక్ ఇంకొకటి, నంబరు 77267. శాకాహారులు, వీగన్లు లేబుల్‌లో దీన్ని చూసుకోవాలి.

చార్‌కోల్ ఫేస్ మాస్క్, నల్ల హెయిర్ డై కూడా నానోయేనా?

చార్‌కోల్ మాస్క్‌లోది మామూలుగా మైక్రాన్ల సైజు పొడి (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు). లోపలి రంధ్రాలు నానోమీటర్లలో ఉండొచ్చు గానీ రేణువు పెద్దదే. హెయిర్ డై వ్యవహారం పూర్తిగా వేరు. అక్కడ నలుపు వెంట్రుక లోపల రసాయన చర్యతో పుడుతుంది, మామూలుగా పీపీడీ అనే పదార్థం వల్ల. దానికి ఎలర్జీ వస్తుంది, ముఖం వాచిపోయే దాకా రావచ్చు. ‘నల్ల హెన్నా’ అని అమ్మేవాటిలో కూడా ఉండేది తరచుగా అదే.

కడిగేసిన నలుపు చెరువుల్లోకి పోయి ఏం చేస్తుంది?

కార్బన్ బ్లాక్ నీళ్ళలో కరగదు, కుళ్ళదు. మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంటే ఎక్కువ భాగం బురదలో చిక్కుకుంటుంది. నీటి జీవులకు దానంతట అది పెద్ద విషం కాదు. మస్కారాలో అంతకంటే ఆలోచించాల్సింది వాటర్‌ప్రూఫ్ పొర కోసం వేసే ప్లాస్టిక్ పాలిమర్ల గురించి. యూరప్ 2023లో కావాలని కలిపే మైక్రోప్లాస్టిక్‌ల మీద నిషేధం తెచ్చి, మేకప్‌కి మాత్రం 2035 దాకా గడువిచ్చింది. ఎక్కువ గడువే. రోజూ వాటర్‌ప్రూఫ్ అవసరం లేనివాళ్ళు మామూలుది వాడితే గోరువెచ్చని నీళ్ళతోనే పోతుంది, దూదీ రిమూవరూ మిగులుతాయి.

ఒకసారి తెరిచిన మస్కారా, కాటుక ఎన్నాళ్ళు వాడొచ్చు?

మస్కారా మూడు నెలలు. గొట్టంలోకి బ్రష్ దింపిన ప్రతిసారీ కొంత గాలి, కొన్ని సూక్ష్మజీవులు వెళ్తాయి. ఎండిపోయిందని నీళ్ళూ, ఉమ్మీ కలపొద్దు. కాటుక పెన్సిల్ ఇంకొంచెం ఎక్కువకాలం ఉంటుంది, కానీ కళ్ళకలక వచ్చి తగ్గాక పాతదాన్ని పారేయాల్సిందే. అక్కాచెల్లెళ్ళయినా ఎవరి కాటుక వాళ్ళదే.